హెడ్డాఫీసు సిస్టమ్ దించేస్తే సరిపోతుందా? అపోహలు – వాస్తవాలు

మొన్న అనంతపురంలో సప్తగిరి సర్కిల్ దగ్గర ఉగ్గాని తింటుంటే మా పిన్ని కొడుకు అడిగినాడు: "అన్నా, మా ప్లాంటుకు హెడ్డాఫీసు వాళ్ళ ఎస్ఏపీ టెంప్లేట్ వస్తాందంట. అంతా వాళ్ళే చేసి పంపిస్తారంట గదా, ఇంక మాకేం పని ఉంటుంది?"

ఎస్ఏపీ అంటే కంపెనీ కొనుగోళ్ళు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్. టెంప్లేట్ అంటే హెడ్డాఫీసు తయారుచేసి పెట్టిన దాని నమూనా. దాన్ని ఒక్కో ప్లాంటులో, ఒక్కో దేశంలో దించే రోల్‌ఔట్లే పదిహేడేళ్లుగా నా బతుకుదెరువు. ఈ మాట వినని ప్రాజెక్టు లేదు. అడిగేవాడి భయం నాకు తెలుసు. వాడి చెవిలో ఇది ఊదేవాళ్ళ మీదే నా విసుగంతా.

అపోహ: హెడ్డాఫీసులో బాగా నడిచిన సిస్టమ్‌ను ఉన్నదున్నట్టు అన్ని దేశాల్లో దించేస్తే చాలు.

వాస్తవం: దించొచ్చు. నడవదు. ఒక యూరప్ కంపెనీకి మన దేశంలో పనిచేసినప్పుడు చూసింది చెప్తా. వాళ్ళ ఇన్‌వాయిస్‌లో పన్నుకు ఒకటే గడి. వాళ్ళ వ్యాట్‌కు అది చాలు. మన జీఎస్టీకి? సరుకు రాష్ట్రంలోనే ఉంటే కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ అని రెండు. హిందూపురం దాటి కర్ణాటకకు పోతే ఐజీఎస్టీ. పైగా సరుకు రకం చెప్పే హెచ్ఎస్ఎన్ కోడ్, ఈ-ఇన్‌వాయిస్ నంబరు, సరుకు విలువ 50 వేలు దాటితే రవాణాకు ఈ-వే బిల్లు. గో-లైవ్ రోజు, అంటే కొత్త సిస్టమ్ మొదలైన రోజు, లోడెత్తిన లారీలు గేటు దగ్గరే నిలబడిపోయినాయి. అకౌంట్స్‌లో ఒక పెద్దాయన నాలుగు నెలల ముందే ఈ సంగతి చెప్పినాడు. "లోకల్ విషయాలు తర్వాత చూద్దాం" అని మీటింగు మినిట్స్‌లో రాసి పక్కన పెట్టేసినారు. రాసింది నేనే.

ఆ రాత్రి ఆయనే ప్రభుత్వ పోర్టల్‌లో ఒక్కో బిల్లూ చేత్తో కొట్టి లారీలను పంపినాడు. మరుసటి రోజు ఎక్సెల్‌లో ఒక రిజిస్టర్ మొదలైంది. ఆర్నెల్లకు అసలు లెక్క అదే అయి కూర్చుంది. దాన్ని చూసి నెలాఖరున సిస్టమ్‌లో ఎక్కించుకునేవాళ్ళు. అంత ఖర్చు పెట్టిన హెడ్డాఫీసు తెరమీద చూసుకునేదంతా పాత స్టాకే.

అట్లని ఎవరికి తోచింది వాళ్ళు పెట్టుకోవడమూ కుదరదు. ఒకే బోల్టుకు మూడు దేశాల్లో మూడు మెటీరియల్ కోడ్లుంటే మొత్తం ఎన్ని కొంటున్నారో ఎవరికీ తెలియదు, కలిపి బేరమాడలేరు. జర్మనీ సూపర్‌మార్కెట్ కంపెనీ లిడ్ల్ 2011లో మొదలుపెట్టిన ఎస్ఏపీ ప్రాజెక్టును 2018లో ఆపేసింది. సుమారు 50 కోట్ల యూరోలు పోయినాయని వార్తలొచ్చినాయి. స్టాకును కొన్న ధరకు లెక్కగట్టడం వాళ్ళ అలవాటు, సాఫ్ట్‌వేర్‌ది అమ్మే ధర లెక్క. అలవాటు వదలక సాఫ్ట్‌వేర్‌నే తిరగరాయబోయినారు.

మాస్టర్ డేటా (సరుకులు, సప్లయర్లు, కస్టమర్ల మూల జాబితా), చార్ట్ ఆఫ్ అకౌంట్స్ (లెక్కల ఖాతాల జాబితా), గ్రూపు రిపోర్టులు అందరికీ ఒకటే ఉండాలి, బేరం లేదు. పన్నులు, జీతాలు, చట్టం అడిగే రిటర్నులు ఏ దేశానివి ఆ దేశానివే. గొడవంతా మధ్యలో మిగిలినవాటితోనే. ఎవరైనా "మా దగ్గర ఇట్ల కాదు" అంటే "చట్టమా, అలవాటా?" అని అడుగుతా. చట్టమైతే సిస్టమ్‌ను మారుస్తాం. అలవాటైతే కారణం చెప్పాల్సింది వాళ్ళే.

క్లౌడ్‌లో ఉంటే డేటా ఎక్కడున్నా ఒకటేనా? కాదు. చెల్లింపుల డేటా మన దేశంలోనే ఉండాలని ఆర్‌బీఐ 2018లోనే చెప్పింది. అన్ని దేశాలూ ఒకే రోజు గో-లైవ్ అయితే ఖర్చు కలిసొస్తుందా? తప్పు పడితే అన్నీ ఒకే రోజు ఆగుతాయి కూడా.

మావానికి చెప్పింది ఇదీ: సర్వర్లు చూసే పని, రిపోర్టులు రాసే పని కొంత పోతుంది, అబద్ధం చెప్పను. కానీ మీ గేటు దాటాలంటే లారీకి ఏ కాగితాలు కావాలో హెడ్డాఫీసులో ఎవరికీ తెలియదు. వాళ్ళ సిస్టమ్ మీ పనికి ఎక్కడ సరిపోతుంది, ఎక్కడ సరిపోదు అని చూసే ఫిట్-గ్యాప్ మీటింగుకు పోయిన నెల అసలు బిల్లులు ఒక ఇరవై పట్టుకుపో. వాపసొచ్చినవి, జాబ్‌వర్క్ చలాన్లు (పని చేయించడానికి బయటకు పంపిన సరుకువి), క్యాన్సిల్ చేసినవి అన్నీ కలిపి. వాళ్ళ సిస్టమ్‌లో కొట్టి చూపించమను. మినిట్స్ వచ్చినాక చదువు. "తర్వాత చూద్దాం" అని కనిపిస్తే ఆ రోజే తిరిగి మెయిల్ పెట్టు.