ఓబో సోలో: ఊపిరి చాలక కాదు, మిగిలిపోయి కష్టం

మొజార్ట్ 1777లో జాల్జ్‌బర్గ్ ఆస్థానంలో ఓబో (సన్నాయి తరహా పాశ్చాత్య ఊదే వాద్యం) వాయించే జుసెప్పె ఫెర్లెండిస్ కోసం సి మేజర్ శ్రుతిలో కాన్సర్టో (ఒక వాద్యం ఆర్కెస్ట్రా తోడుతో ముందు నిలిచి వాయించే రచన) రాశాడు. మరుసటి ఏడాది దాన్నే డి మేజర్‌లోకి మార్చి ఫ్లూట్ కాన్సర్టోగా ఇచ్చేశాడు. ఓబో ప్రతులు 1920లో గానీ బయటపడలేదు. అది ఓబో కోసమే పుట్టిందనడానికి సోలో మొదలయ్యే చోటు చాలు. వాద్యం చకచకా పై షడ్జానికి ఎక్కి నాలుగు బార్ల (తాళపు ఆవర్తనాల) పాటు కదలకుండా అక్కడే నిలుస్తుంది. పాట నడిపే పని వయొలిన్లది. ఫ్లూట్ మీదా ఇది పలుకుతుంది కానీ ఆ నిబ్బరం రాదు.

ఎందుకంటే ఓబోలోకి పోయే గాలి బహు తక్కువ. మన సన్నాయిలాగే దీనికీ జంట రీడు. రెండు పలుచని రెల్లు రేకుల మధ్య సన్నటి చీలిక మాత్రమే ఉంటుంది. పీడనం ఎక్కువ కావాలి, గాలి కొంచెం చాలు. దాంతో ఒక స్వర వాక్యం ముగిసేసరికి ఊపిరితిత్తుల్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్న గాలి మిగిలిపోతుంది. దాని మీదే కొత్త గాలి పీలిస్తే రెండు వాక్యాలకే ఉక్కిరిబిక్కిరి. అందుకే చిన్న విరామం దొరికితే ముందు గాలి వదులుతారు; పీల్చడం ఒక్కోసారి తర్వాతి విరామంలోనే.

ఆ విరామమే దొరక్కపోతే? జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ఓబో కాన్సర్టో అలాంటిదే. 1945లో అమెరికన్ సైనికుడు, ఓబో కళాకారుడు జాన్ డి లాన్సీ, ఓబో కాన్సర్టో రాసే ఆలోచన ఉందా అని అడిగితే స్ట్రాస్ లేదన్నాడు. తర్వాత రాశాడు! చెల్లో వాద్యాలు చిన్న కదలిక ఇవ్వగానే ఓబో మొదలై, దాదాపు 56 బార్లు ఆర్కెస్ట్రాకు పాట అప్పగించదు. చాలామంది బుగ్గల్లో కాస్త గాలి నిలిపి, దాన్ని రీడులోకి నొక్కుతూ అదే క్షణంలో ముక్కుతో పీలుస్తారు. పాత గాలిని బయటికి పంపే చిక్కు మాత్రం దీనితోనూ పూర్తిగా తీరదు.

ఓబో కష్టంలో మిగతా సగం రీడు చేతిలో ఉంది. సుమారు 10 మి.మీ. వ్యాసమున్న అరుండో డోనాక్స్ అనే రెల్లు జాతి కాడను చీల్చి, లోపలి వైపు చెక్కి మధ్యలో దాదాపు 0.6 మి.మీ. మందానికి తెస్తారు. మడిచి, 47 మి.మీ. లోహపు గొట్టానికి దారంతో బిగించి, కొన కోసి, కత్తితో గీకుతారు. కొన మందంగా మిగిలితే కింది స్వరాలు మెల్లగా ఎత్తుకోవు. మరీ పలుచనైతే పై స్వరాలు శ్రుతి దిగజారతాయి. చీలిక ఎక్కువ తెరుచుకుంటే పెదాలు త్వరగా అలసిపోతాయి. స్ట్రాస్ వాయించేటప్పుడు భయపడాల్సింది దీనికే. ఇక ఆక్టేవ్ మీట (స్వరాన్ని పై స్థాయికి ఎక్కించే మీట) రంధ్రంలోకి తేమ చేరితే స్వరం గురగుర మంటుంది. మీట కింద సిగరెట్ కాగితం పెట్టి అదిమి ఆ తడి పీల్చేస్తారు.