వయోవృద్ధుల ప్రభుత్వ సేవలు: మా పనిలో తరచూ ఎదురయ్యే అపోహలు, అసలు వాస్తవాలు

ఒంటరిగా ఉంటున్న పెద్దవారి ఇంటికి మేము మొదటిసారి వెళ్లినప్పుడు తలుపు చాలాసార్లు సగమే తెరుచుకుంటుంది. "నన్ను ఆశ్రమంలో చేర్పించమని మా వాడు పంపించాడా?" అన్నది తరచుగా వినిపించే మొదటి ప్రశ్న. వయోవృద్ధుల సంక్షేమ రంగంలో క్షేత్రస్థాయిలో పనిచేసే నాకు ఆ భయం అర్థమవుతుంది. అయితే ఆ భయం వల్లనే, సొంత ఇంట్లో మరికొన్నేళ్లు నిశ్చింతగా గడపడానికి పనికొచ్చే సేవలను వారు చాలా ఆలస్యంగా, ఒక్కోసారి మంచం పట్టిన తర్వాత అడుగుతున్నారు.

అపోహ: 14567కు ఫోను చేస్తే వృద్ధాశ్రమానికి తరలిస్తారు.

వాస్తవం: 2017లో హైదరాబాదులో మొదలై, తర్వాత దేశమంతటికీ విస్తరించిన ఈ ఎల్డర్‌లైన్ సహాయవాణి ఉదయం 8 గంటల నుంచి రాత్రి 8 గంటల వరకు ఉచితంగా పనిచేస్తుంది. పింఛను దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి, ఆస్తి తగాదాలో ఏ అధికారిని కలవాలి వంటి సందేహాలు తీర్చడం, మనసు విప్పి మాట్లాడే తోడు లేనివారి మాట వినడం దీని రోజువారీ పని. వేధింపులకు గురవుతున్నప్పుడో, ఎవరూ లేక రోడ్డున పడినప్పుడో క్షేత్ర సిబ్బంది స్వయంగా వెళతారు. ఇంట్లోనే ఉంటానన్న మనిషిని ఆశ్రమంలో చేర్చడానికి ఈ నంబరు పెట్టలేదు. ఇది అత్యవసర సేవ కూడా కాదు కనుక, గుండెనొప్పి వస్తే 108కి, ప్రాణభయం ఉంటే 112కి ఫోను చేయాలి.

అపోహ: ఇవన్నీ తెల్లకార్డు ఉన్నవారికే.

వాస్తవం: కొన్నింటికి మాత్రమే ఆదాయ పరిమితి ఉంది. సహాయవాణికీ, తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) కింద వేసుకునే దరఖాస్తుకూ ఆ పరిమితి లేదు. 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు 29న ఆసుపత్రి చికిత్స ఖర్చు భరించే కేంద్ర పథకం ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించినప్పుడు కూడా ఆదాయం లెక్కలోకి తీసుకోలేదు. ఆధార్‌లోని వయస్సే ప్రమాణం. ఏడాదికి ఇచ్చే 5 లక్షల రూపాయల రక్షణ మనిషికి ఇంత అని కాక, ఒకే కుటుంబంలోని 70 దాటిన వారందరికీ కలిపి ఉంటుందని, నెలనెలా వాడే బీపీ, షుగరు మాత్రల ఖర్చు ఇందులోకి రాదని ముందే తెలుసుకుంటే ఆసుపత్రి కౌంటరు దగ్గర వాదన తప్పుతుంది.

అపోహ: వృద్ధాప్య పింఛనంతా కేంద్రమే ఇస్తుంది, కాబట్టి ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: కేంద్రం వాటా 79 ఏళ్ల వరకు నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. ఆంధ్రప్రదేశ్‌లో చేతికందే 4000 రూపాయల్లో మిగిలినదంతా రాష్ట్ర ఖజానా నుంచి వచ్చేదే. పింఛను ఎంత, నిబంధనలేమిటి అన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్ణయించుకుంటుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదట్లో పింఛనుతో తలుపు తట్టే గ్రామ, వార్డు సచివాలయ ఉద్యోగి కొందరికి ఆ నెలంతటికీ ఇంటికి వచ్చే ఒకే ఒక్క మనిషి. ఇంటిదగ్గర పంపిణీని డబ్బు లెక్కతోనే కొలిచేవారికి ఈ సంగతి తట్టదు.

అపోహ: పిల్లలకు ఆస్తి రాసిచ్చాక ఇక చేయగలిగింది లేదు.

వాస్తవం: దీనికి జంటగా ఇంకో అపోహ ఉంది, పిల్లలు చూడకపోతే ఆస్తి దానంతట అదే వెనక్కి వస్తుందని. రెండూ సరికావు. 2007 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, తమ కనీస అవసరాలు తీర్చాలన్న షరతుతో వృద్ధులు ఆస్తిని రాసిచ్చినప్పుడు, పుచ్చుకున్నవారు ఆ మాట తప్పితే, ఆ దస్తావేజు చెల్లదని ఈ చట్టం కింద ఏర్పాటైన ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. చిక్కంతా ఆ షరతు దగ్గరే. షరతు ఉందని నిరూపించకపోతే ఈ సెక్షన్ వర్తించదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో, దానపత్రంతో పాటు రాసుకున్న హామీ కాగితాన్నీ పరిగణనలోకి తీసుకుని, ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా అన్వయించాలంటూ తల్లికి ఆస్తి తిరిగి దక్కేలా తీర్పునిచ్చింది. అందుకే దాన సెటిల్‌మెంటు రాయించే ప్రతి ఒక్కరికీ నేను చెప్పేది, పోషణ షరతును దస్తావేజులో ఒక పూర్తి వాక్యంగా రాయించమని. "సొంత కొడుకు దగ్గర షరతులేమిటి" అని మొహమాటపడేవారే మా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువ.

పోషణ ఖర్చు కోసం వేసే దరఖాస్తు వేరు. అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు వెళుతుంది. ఎదుటివారికి నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలని, నెలకు 10,000 రూపాయలకు మించకుండా నిర్ణయించవచ్చని చట్టం చెబుతోంది. వకీలును పెట్టుకోవలసిన అవసరం లేదు. కొడుకులే కాదు, కూతుళ్లు, మేజరైన మనవలు, పిల్లలు లేనివారి విషయంలో ఆస్తికి వారసులయ్యే బంధువులు కూడా బాధ్యులే.

అపోహ: చేతికర్ర ఏదైనా ఒకటే.

వాస్తవం: 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్ర, వాకరు, చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కళ్లజోడు, కట్టుడు పళ్లు ఉచితంగా ఇస్తారు. పేదరిక రేఖకు దిగువన ఉన్నవారు లేదా నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న 60 ఏళ్లు దాటినవారు అర్హులు. ముందు పరీక్షా శిబిరం, తర్వాత పంపిణీ శిబిరం జరుగుతాయి. మొదటి శిబిరానికి మనిషి స్వయంగా రావడం ముఖ్యం, ఎందుకంటే కొలతలు, వినికిడి పరీక్ష అక్కడే. నిటారుగా నిలబడి చేయి వేలాడదీసినప్పుడు కర్ర పిడి మణికట్టు మడత దగ్గరకు రావాలి. కర్రను నొప్పి ఉన్న కాలి వైపు కాకుండా అవతలి చేత్తో పట్టుకోవాలి. ఇంత చిన్న విషయం చెప్పేవారు లేక పడిపోయినవారిని చూశాను. వినికిడి యంత్రాలు బ్యాటరీ అయిపోయి అలమరాల్లో పడి ఉండటమూ చూశాను. పరికరాలకు ఏడాది పాటు ఉచిత మరమ్మతు ఉందన్న సంగతి వాడేవారికి తెలియదు.

అపోహ: ప్రభుత్వమే రోజూ ఇంటికి మనిషిని పంపుతుంది.

వాస్తవం: ఇది ఎక్కువగా విదేశాల్లో ఉన్న పిల్లల నుంచి వినిపిస్తుంది. అమెరికాలో 1965 నాటి చట్టం కింద 60 దాటినవారికి ఇంటికి భోజనం చేర్చే ఏర్పాటును చూసినవారు ఇక్కడా అలాంటిది ఉంటుందని అనుకుంటారు. రోజూ వచ్చి స్నానం చేయించి, వండిపెట్టే ప్రభుత్వ సేవ మన దగ్గర లేదు. లేనిదాన్ని ఉందని చెప్పి ఆశ పెట్టడం నాకు ఇష్టం ఉండదు. ఉన్నవి ఇవి: 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం ప్రకారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికోసారి వృద్ధుల క్లినిక్ నడవాలి, మంచం పట్టినవారిని ఆరోగ్య సిబ్బంది ఇంటికి వచ్చి చూడాలి. మీ కేంద్రంలో అది ఏ రోజో ఏఎన్ఎంను అడిగి గోడమీది క్యాలెండరులో రాసి పెట్టుకోండి. 2007 చట్టం కింద రూపొందించిన నమూనా నియమాల్లో, ఒంటరిగా ఉండే వృద్ధుల జాబితాను పోలీసు స్టేషనులో ఉంచి, నెలకోసారైనా వెళ్లి పలకరించాలని కూడా ఉంది. అడగకుండా ఆ జాబితాలో పేరు ఎక్కడం అరుదు కాబట్టి, కొత్త ఇంటికి వెళ్లినప్పుడు నేను మొదట రాయించే కాగితం స్టేషనుకు ఇచ్చే ఆ దరఖాస్తే.