ఇంటి పనిలో చెయ్యి ఎప్పుడు ఆపాలి?

వంటింట్లో గంటసేపు నిలబడి పని చేశామనుకుందాం. కూర్చుని చేసిన దానితో పోలిస్తే, కేవలం నిలబడినందుకు ఒంట్లో అదనంగా ఖర్చయ్యేది నిమిషానికి సుమారు 0.15 కిలోకేలరీ. ఎన్నో అధ్యయనాల ఫలితాలను ఒకచోట చేర్చి 2018లో తేల్చిన లెక్క ఇది. అంటే గంటకు తొమ్మిది కిలోకేలరీలు. చిన్న బిస్కెట్‌లో సగం తిన్నా అంతకంటే ఎక్కువే వస్తుంది. అయినా సాయంత్రానికి కాళ్ళు పీకుతాయి, నడుం పట్టేస్తుంది. 'పొద్దున్నుంచి నేనేం చేశానని ఇంత నీరసం?' అని ఇంటి పని చేసేవాళ్ళు తమను తామే అనుమానించుకుంటారు. ఆ అనుమానం అక్కర్లేదు. ఆ అలసట నిజమైనదే, కాకపోతే కేలరీల లెక్కలో దొరకదు.

మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం ఛాతీ భాగం నుంచి కిందికి, ముఖ్యంగా కాళ్ళలోకి దిగుతుంది. దాన్ని మళ్ళీ గుండె దాకా ఎక్కించే పనిలో పిక్కలది పెద్ద పాత్ర. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసిన ప్రతిసారీ లోపలి సిరలు నొక్కుకుపోయి రక్తం పైకి వెళుతుంది, సిరల్లోని కవాటాలు దాన్ని కిందికి జారనివ్వవు. కదలకుండా ఒకేచోట నిలబడితే ఈ పంపు ఆగిపోతుంది. అప్పుడు చీలమండ దగ్గర సిరల్లో ఒత్తిడి పాదరసమట్టంలో 90 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. నాలుగు అడుగులు వేస్తే చాలు, అది 30 చుట్టుపక్కలకి పడిపోతుంది. ఒత్తిడి ఎక్కువగా ఉన్నంతసేపూ రక్తంలోని నీరు కొద్దికొద్దిగా చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. సాయంత్రానికి కాళ్ళు బరువెక్కడం, చెప్పులు బిగుతుగా అనిపించడం అందుకే. ఇల్లంతా తిరుగుతూ ఊడ్చిన రోజు కంటే, సింకు ముందు గంటసేపు నిలబడిపోయిన రోజు కాళ్ళు ఎక్కువ నొప్పి పెట్టడంలో వింతేమీ లేదు.

నడుం సంగతీ ఇంతే. వంటగట్టు పొట్టిగా ఉంటే కాస్త ముందుకు వంగి పని చేస్తాం. ఆ కాస్త వంపుని నిలబెట్టడానికి వీపు కండరాలు నిమిషాల తరబడి బిగుసుకునే ఉంటాయి. కండరం బిగిసి వదులైతే దానిలోకి రక్తం వచ్చిపోతుంది. బిగుసుకునే ఉంటే తన రక్తనాళాల్ని తానే నొక్కేసుకుంటుంది, తొందరగా అలిసిపోతుంది. మామూలు పనికి గట్టు మోచేతి కంటే పది, పదిహేను సెంటీమీటర్లు కింద ఉంటే హాయి. పిండి పిసకడానికి ఇంకొంచెం కిందైనా మంచిదే, ఎందుకంటే అక్కడ ఒంటి బరువంతా చేతుల మీదికి తేవాలి. గట్టుని కదపలేం కాబట్టి పొట్టిగట్టు మీద మందపాటి చెక్క పలక వేసుకోవడం, ఎత్తుగట్టు ముందు గట్టి పీట వేసుకుని నిలబడడం సులువైన ఉపాయాలు.

ఈ విషయాన్ని ఇంజనీర్లూ ఆర్కిటెక్టులూ పట్టించుకోవడం మొదలై వందేళ్ళయింది. ఫ్యాక్టరీల్లో కార్మికుల కదలికల్ని కొలిచిన అమెరికన్ ఇంజనీర్ లిలియన్ గిల్‌బ్రెత్, 1920లలో అదే కొలతని వంటింటికి తెచ్చింది. ఆస్ట్రియాకు చెందిన ఆర్కిటెక్టు మార్గరెటె షుట్టె లిహోట్‌స్కీ 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగర గృహాల కోసం ఒక చిన్న వంటగది రూపొందించింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. అలాంటివి పదివేల దాకా కట్టారు. ఈ రోజు మనం చూసే బిగింపు అల్మారాల వంటిళ్ళకు దాన్నే మూలంగా చెబుతారు. అందులో నాకు అన్నిటికంటే నచ్చేది ఎత్తు మార్చుకునే తిరుగుడు స్టూలు. వంట చేసే మనిషి కూర్చోవచ్చు అని ఒప్పుకున్న వంటిల్లు అది. ఆ నమూనాని ప్రపంచమంతా కాపీ కొట్టింది, స్టూలుని మాత్రం చాలా ఇళ్ళలో వదిలేశారు. తరగడం, ఒలవడం, ఏరడం వంటివన్నీ కూర్చుని చేసుకోదగ్గ పనులే. వంటింట్లో కుర్చీ వేసుకోవడాన్ని బద్ధకంగా చూడడం అన్యాయం.

ఒంటి అలసట అలా ఉంటే, బుర్ర అలసట ఇంకొకటి. పొయ్యి మీద ఒకటి, వాషింగ్ మెషిన్‌లో ఒకటి, మధ్యలో ఫోను, పిల్లల హోంవర్కు. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి మారినప్పుడు, ధ్యాసలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది. ఆమె పరిశోధన ఆఫీసు పనుల గురించి. కానీ ఇంటి పని కంటే ఎక్కువ ముక్కలైన పని ఏ ఆఫీసులో ఉంటుంది?

నీరసంగా అనిపించగానే ఏదైనా తీపి నోట్లో వేసుకోవడం అందరికీ అలవాటే. చక్కెర తింటే వెంటనే ఓపిక వస్తుందన్న నమ్మకాన్ని 2019లో 31 అధ్యయనాలను కలిపి పరీక్షించారు. మూడ్ ఏమీ మెరుగుపడలేదు. పైగా తిన్న అరగంటలోపు అలసట పెరిగింది, గంటలోపు చురుకుదనం తగ్గింది. కాబట్టి తీపిని ఇష్టంగా తినాలి, మందులా కాదు. కాఫీ కొంత నయం, కానీ దాని పద్ధతి వేరు. మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకునేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ ఆ పదార్థం కూర్చోవాల్సిన చోట తాను కూర్చుంటుంది. అలసట పోదు, అలసట కబురు అందదు, అంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం కాఫీ రాత్రి నిద్రని కొంత తినేస్తుంది. మధ్యాహ్నం వచ్చే మగతకి భోజనం ఒక్కటే కారణం కాదు. శరీర గడియారంలోనే ఆ వేళకు ఒక దిగుడు ఉంది. ఆ సమయంలో పది, ఇరవై నిమిషాల కునుకు తీస్తే బాగా పనిచేస్తుంది. ఇవన్నీ చేసినా వారాల తరబడి నీరసం వదలకపోతే ఇంటి పని మీద నెట్టేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. రక్తహీనత, థైరాయిడ్ సమస్యలు మొదట అలసటగానే కనిపించవచ్చు.

ఇక అసలు విషయం. ఇంటి పనిలో చాలా భాగం మన చేతులు చేసేది కాదు. నీళ్ళు చేస్తాయి, వేడి చేస్తుంది, కాలం చేస్తుంది. ఏది ఎవరి పనో తెలిస్తే ఎప్పుడు కూర్చోవచ్చో తెలుస్తుంది. అంటుకుపోయిన గిన్నె తేలికైన ఉదాహరణ. ఎండిన పిండి పదార్థంలోకి నీరు పాకి అది ఉబ్బేదాకా రుద్దడం వృథా, ఉబ్బాక వేలితో తోసినా వస్తుంది. గుడ్డు, పాలు అంటిన గిన్నెకి మాత్రం మొదట చన్నీళ్ళే పోయాలి. వేడికి ప్రొటీన్ గట్టిపడి ఇంకా అతుక్కుంటుంది.

బ్రెడ్డు పిండి ఇంకా మంచి ఉదాహరణ. గోధుమపిండిలో గ్లుటెనిన్, గ్లయాడిన్ అనే రెండు రకాల ప్రొటీన్లు ఉంటాయి. నీళ్ళు తగలగానే ఈ రెండూ కలిసి గ్లూటెన్ అనే సాగే అల్లికగా మారతాయి. ఆ అల్లికే గాలిని పట్టి ఉంచుతుంది. అది బలపడాలని పది నిమిషాలు చేతులు నొప్పెట్టేలా పిసుకుతాం. ఫ్రాన్స్‌లో రొట్టెల శాస్త్రాన్ని బోధించిన రేమోన్ కల్వెల్ 1974లో ఒక పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చాడు. పిండి, నీళ్ళు మాత్రం కలిపి ఇరవై, ముప్ఫై నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయడం. ఆ విరామంలో పిండి నీటిని పూర్తిగా పీల్చుకుంటుంది, గ్లూటెన్ దానంతట అదే అల్లుకోవడం మొదలవుతుంది, పిండిలోని ఎంజైములు దాన్ని సాగేలా చేస్తాయి. తర్వాత పిసకాల్సింది బాగా తగ్గిపోతుంది. ఆ అరగంటలో పిండి దగ్గర మనం చేయగల ఉపకారం ఏమీ లేదు.

కేకు దగ్గర లెక్క తిరగబడుతుంది. ఇక్కడ చేతి పని తక్కువసేపే, కానీ అదే కీలకం. మొదటిది తూకం. మైదాని వదులుగా చెంచాతో కప్పులోకి పోస్తే సుమారు 120 గ్రాములు, కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాముల దాకా రావచ్చు. ఒకే కప్పు, పావు వంతు తేడా. 'నిన్న బాగా వచ్చింది, ఈ రోజు గట్టిగా వచ్చింది' అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే. చిన్న వంటింటి కాటా కొనడం ఖరీదైన కేకు టిన్ను కొనడం కంటే మేలు.

రెండోది వెన్న, చక్కెర కలిపి గిలకొట్టడం. ఈ మెట్టుని తొందరగా ముగించేస్తుంటారు, చక్కెర కలిసిపోయింది కదా అని. చక్కెర కలపడం కోసం కాదు ఇది. చక్కెర పలుకుల పదునైన అంచులు వెన్నలోకి గాలిని లాక్కెళ్ళి వేల కొద్దీ కంటికి కనపడని బుడగలుగా నిలబెడతాయి. గిన్నెలోకి దగ్గరగా చూస్తే పసుపుపచ్చ వెన్న నిమిషాలు గడిచేకొద్దీ తెల్లబడుతుంది, ఉబ్బుతుంది, గరిట మీద మెత్తగా నిలుస్తుంది. ఆ తెలుపు గాలి బుడగల మీద చెదిరిన వెలుతురు. బేకింగ్ పౌడర్ వదిలే వాయువు ఈ బుడగల్లోకి చేరి వాటిని పెద్దవి చేస్తుంది, కొత్త బుడగల్ని దాదాపు పుట్టించలేదు. అంటే ఓవెన్‌లో పెట్టకముందే కేకులో బుడగల సంఖ్య తేలిపోయింది. ఇందుకు వెన్న 18, 20 డిగ్రీల దగ్గర ఉండాలి. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ జిడ్డుగా మెరవకూడదు. కరిగిన వెన్న గాలిని నిలపలేదు.

మూడోది పిండి వేశాక చెయ్యి ఆపడం. బ్రెడ్డులో కావాలనుకున్న గ్లూటెన్ ఇక్కడ వద్దు. పొడి పిండి కనపడకుండా పోయిన క్షణంలో కలపడం ఆపేయాలి. ఇంకా నునుపుగా రావాలని తిప్పుతూ పోతే కేకు రబ్బరులా సాగుతుంది, లోపల పొడవాటి సొరంగాలు పడతాయి.

బేకింగ్ పౌడర్ చరిత్ర కూడా ఒక ఇంటి కథే. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి 1843లో దాన్ని తయారు చేశాడు, ఈస్ట్ పడని భార్య కోసం. వంటసోడా, పొడి ఆమ్లం, మధ్యలో అవి తగువులాడకుండా కొంచెం పిండి పదార్థం, అంతే అందులో ఉండేది. ఒట్టి వంటసోడా వాడితే పెరుగో నిమ్మరసమో తోడు ఉండాలి. ఆమ్లం లేకపోయినా వేడికి సోడా విడిపోయి వాయువు వదులుతుంది గానీ, మిగిలిపోయే సోడియం కార్బొనేట్ నోటికి సబ్బులా తగులుతుంది. డబ్బాలో పౌడర్ పాతబడిందేమో అని అనుమానం వస్తే చెంచాడు వేడి నీళ్ళలో వేసి చూడండి. బుసబుసమని పొంగితే పనికొస్తుంది.

టిన్ను ఓవెన్‌లోకి వెళ్ళాక మన పని అయిపోయింది, లోపల పని మొదలైంది. వేడి ముప్పై డిగ్రీలు దాటగానే వెన్న కరిగి బుడగల్ని పలచటి పిండిలోకి వదులుతుంది. వేడి పెరిగేకొద్దీ బుడగల్లో గాలి వ్యాకోచిస్తుంది, బేకింగ్ పౌడర్ వాయువు చేరుతుంది, నీటి ఆవిరి తోడవుతుంది. కేకు పొంగుతోంది గానీ ఇంకా ద్రవమే. అరవై దాటాక గుడ్డు ప్రొటీన్లు గట్టిపడడం మొదలుపెడతాయి, పిండి రేణువులు నీటిని పీల్చి ఉబ్బుతాయి. చక్కెర ఈ రెండిటినీ వెనక్కి నెడుతుంది, కేకుకి ఇంకాసేపు పొంగే వ్యవధి ఇస్తుంది. అందుకే చక్కెరని సగానికి సగం తగ్గిస్తే తీపి ఒక్కటే తగ్గదు, కేకు పొంగకముందే బిగుసుకుపోతుంది. గోడలు నిలబడ్డాక బుడగలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుంటాయి, నురుగు స్పాంజి అవుతుంది. ఈలోపు తలుపు తీస్తే చల్లగాలికి వాయువు కుంచించుకుపోతుంది, నిలబెట్టే గోడ ఇంకా లేదు, నడిమి కుంగిపోతుంది. చూడాలనిపిస్తే గాజు తలుపులోంచి చూడాలి.

నీరు ఉన్నంతసేపూ కేకు లోపలి వేడి వంద దాటదు. పూర్తిగా ఉడికిన కేకు మధ్యలో 95 నుంచి 98 డిగ్రీలు ఉంటుంది. పైపొర మాత్రం ఆరిపోయి 140 దాటుతుంది. అక్కడ ప్రొటీన్ల ముక్కలూ చక్కెరలూ కలిసి వందలాది కొత్త పదార్థాలు పుడతాయి. గోధుమరంగు, ఇల్లంతా నిండే వాసన అక్కడివే. ఈ చర్యని 1912లో వర్ణించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయ్యార్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. ఆయన వంట గురించి కాదు, ఒంట్లో ప్రొటీన్లు ఎలా తయారవుతాయో తెలుసుకోవాలని బయలుదేరాడు.

బయటికి తీశాక చల్లారేదాకా కొయ్యకూడదు, ఇందులో మొహమాటం పనికిరాదు. ఉబ్బిన పిండి రేణువులు చల్లబడుతూనే గట్టిపడతాయి. వేడిమీద కోస్తే ముక్క ముద్దవుతుంది. ఆ గట్టిపడడమే తర్వాత రోజుల్లో కొనసాగి కేకుని, బ్రెడ్డుని పెళుసు చేస్తుంది. బ్రెడ్డు గట్టిపడేది నీరు ఆరిపోయి మాత్రమే కాదని ఫ్రెంచి శాస్త్రవేత్త బుసెంగో 1852లోనే చూపించాడు. తడి పోకుండా మూసి ఉంచిన బ్రెడ్డు కూడా గట్టిపడింది, మళ్ళీ వేడి చేస్తే మెత్తబడింది. పిండి పదార్థపు పోగులు తిరిగి వరుసల్లో పేరుకోవడం దీనికి కారణం. ఫ్రిజ్‌లోని నాలుగైదు డిగ్రీల చలిలో ఆ పేరుకోవడం బయటికంటే వేగంగా సాగుతుంది. ఫ్రీజర్‌లో దాదాపు ఆగిపోతుంది. క్రీము లేని కేకునైతే రెండు మూడు రోజులకు గాలి చొరబడని డబ్బాలో బయటే ఉంచాలి. అంతకు మించి ఉంచాలంటే చల్లారిన రోజే ముక్కలు కోసి, ఒక్కోటి విడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టేయాలి. ఓపిక ఉన్న రోజు రెండు కేకులు చేసి ఒకటి ఇలా దాచుకుంటే, ఓపిక లేని రోజు ఒక ముక్క తీసి గంటసేపు బయట పెడితే చాలు.