అణుబాంబుకి అప్పు పుట్టకుండా: ఒక ఉద్యమం నడిచొచ్చిన దారి

ఆగస్టు 6న హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో ఒక చిన్న సభకి వెళ్ళాను. హిరోషిమాని గుర్తుచేసుకునే సభ, ముప్ఫై మందికి మించి లేరు. మాట్లాడుతున్న అమ్మాయి "అణ్వాయుధాల కంపెనీల నుంచి పెట్టుబడుల ఉపసంహరణ జరగాలి" అనగానే వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. ప్రభుత్వరంగ సంస్థలో చేసి రిటైరైన మనిషి, యూనియన్‌లో తిరిగిన మనిషి. "అదేంటమ్మా, పెట్టుబడుల ఉపసంహరణ వద్దనే కదా మేం ఇన్నేళ్ళూ ధర్నాలు చేసింది?" అని అడిగారు. నిజంగానే అర్థంకాక అడిగారు.

ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు. 1991 తర్వాత తెలుగు పత్రికల్లో ఆ మాటకి ఒకటే అర్థం స్థిరపడిపోయింది: ప్రభుత్వం తన కంపెనీల వాటాలు అమ్ముకోవడం. 2021లో విశాఖ ఉక్కు గొడవ మొదలైనప్పుడు కేంద్రం నిర్ణయంలో ఉన్నదీ ఆ మాటే. అమ్మాయి చెబుతున్నది వేరు. బ్యాంకులు, పెన్షన్ ఫండ్లు, బీమా సంస్థలు, యూనివర్సిటీలు తమ దగ్గరున్న జనం సొమ్ముని బాంబు తయారీలోంచి బయటికి తీసేయాలన్న ఉద్యమం సంగతి ఆమె చెబుతోంది. దానికి తెలుగులో ఇంకా సొంత పేరు పడలేదు. దాని వెనకున్న ఆలోచనకి మాత్రం మన దగ్గర బాగా పాత మాటే ఉంది. పరపతి. అప్పు పుట్టే శక్తినీ పరపతి అంటాం, నలుగురిలో ఉన్న మర్యాదనీ పరపతే అంటాం. ఊళ్ళో ఒక మనిషికి అప్పు పుట్టడం లేదంటే పోయింది డబ్బొక్కటే కాదని అందరికీ తెలుసు. అణుబాంబుకి ఆ గతి పట్టించాలన్నదే ఈ ఉద్యమం.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నది కూడా రాజకీయమేనని తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. విదేశీ బట్టలు బహిష్కరించిన తరం వాడైన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. తర్వాత హైదరాబాద్‌లో స్థిరపడిన ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. దక్షిణాఫ్రికా జాతివివక్షకి నిరసనగా ఆ దేశంతో వ్యాపారం ఆపేసిన మొదటి దేశమూ ఇండియానే. అది 1946లో. మనకింకా స్వాతంత్ర్యం రాలేదు.

ఆ దక్షిణాఫ్రికా దగ్గరే ఈ పద్ధతికి పూర్తి రూపం వచ్చింది. 1977లో అమెరికాలోని హాంప్‌షైర్ కాలేజీ విద్యార్థులు పట్టుబట్టి, ఆ దేశంలో వ్యాపారం చేసే కంపెనీల షేర్లని కాలేజీ చేత అమ్మించారు. ఒక చిన్న కాలేజీ, చిన్న మొత్తం. తొమ్మిదేళ్ళలో పెద్ద పెద్ద యూనివర్సిటీలు అదే దారి పట్టాయి. బ్రిటన్‌లో విద్యార్థులు ఏళ్ళ తరబడి బార్‌క్లేస్ బ్యాంకులో ఖాతాలు తెరవకుండా పోరాడారు, ఆ బ్యాంకు 1986లో దక్షిణాఫ్రికా నుంచి బయటపడింది. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ ఆంక్షల చట్టం చేసింది. ఇందులో అంతగా చెప్పుకోని సంగతి ఇంకొకటుంది. ఆ దక్షిణాఫ్రికా ప్రభుత్వమే గుట్టుగా ఆరు అణుబాంబులు తయారుచేసి, తర్వాత వాటిని తనే విప్పేసింది. ఈ విషయం 1993లో అధ్యక్షుడు డి క్లెర్క్ బయటపెట్టేదాకా లోకానికి తెలియలేదు. షేర్లు అమ్మడం వల్లే బాంబులు పోయాయని నేననను. కానీ బాంబులు చేతిలో ఉన్నా పరపతి పోయిన దేశం నిలబడలేకపోయిందన్నది కళ్ళెదుటి చరిత్ర.

ఆయుధాల కంపెనీల సంగతి అంతకన్నా ముందే మొదలైంది. 1968లో అమెరికాలోని మినియాపొలిస్‌లో మార్వ్ డేవిడోవ్ అనే ఆయన కొందరిని కూడగట్టి హనీవెల్ మీద ఉద్యమం లేవదీశాడు. ఇళ్ళలో థర్మోస్టాట్లు అమ్మే ఆ కంపెనీ వియత్నాం మీద వేసే క్లస్టర్ బాంబులు (గాల్లో విచ్చుకుని చిన్న చిన్న బాంబులు వెదజల్లేవి) కూడా చేసేది. ఉద్యమకారులు ఒక్కో షేరు కొనుక్కుని 1970లో వాటాదారుల సభకి వెళ్ళారు. యాజమాన్యం గబగబా సభ ముగించేసింది. ఒక్క షేరున్న మనిషికి కూడా లోపలికి వెళ్ళి అడిగే హక్కుంటుందన్న సంగతి ఆ రోజు చాలామందికి తెలిసొచ్చింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 1990లో, హనీవెల్ ఆ ఆయుధాల విభాగాన్ని వేరే కంపెనీగా విడదీసేసింది.

నేరుగా అణ్వాయుధాల మీద నడిచిన మొదటి పెద్ద బహిష్కరణ జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ)ది. తల్లిపాల బదులు పాలపొడి అంటగడుతోందని నెస్లే మీద పోరాడిన ఇన్‌ఫ్యాక్ట్ అనే సంస్థే 1986లో దీన్నీ మొదలుపెట్టింది. బల్బులు, ఫ్రిజ్‌లు అమ్ముకుంటూ "జీవితంలోకి మంచిని తెస్తాం" అని టీవీలో చెప్పుకునే కంపెనీ, ఇంకో చేత్తో బాంబు భాగాలు చేస్తోందన్నది వాళ్ళ ఆరోపణ. బల్బు కొనే గృహిణి దగ్గర్నుంచి స్కానింగ్ మెషీన్ కొనే ఆస్పత్రి దాకా అందరి దగ్గరికీ వెళ్ళారు. ఈ పోరాటం మీద తీసిన డాక్యుమెంటరీకి 1992లో ఆస్కార్ వచ్చింది. దర్శకురాలు డెబ్రా చాస్నాఫ్ బహుమతి చేతిలో పట్టుకుని ఆ వేదిక మీదే జీఈని బహిష్కరించమని అడిగింది. 1993లో జీఈ ఆ వ్యాపారాన్ని మార్టిన్ మారియెటాకి అమ్మేసింది. ప్రచ్ఛన్నయుద్ధం ముగిసి సైనిక ఆర్డర్లు తగ్గుతున్న రోజులవి, కాబట్టి గెలుపంతా ఉద్యమానిదే అనలేం. అయినా బల్బు వెనక ఏముందో అమెరికా ఇళ్ళలో మాట్లాడుకునేలా చేసింది మాత్రం ఆ ఏడేళ్ళ పనే.

తర్వాతి మలుపు నార్వేలో. చమురు సొమ్ముతో నడిచే అక్కడి ప్రభుత్వ పెన్షన్ ఫండ్ ప్రపంచంలోకెల్లా పెద్ద ఫండ్లలో ఒకటి. 2004లో దానికి నైతిక నియమాలు రాసుకున్నారు, ఒక నైతిక మండలిని పెట్టుకున్నారు. 2006 జనవరిలో అణ్వాయుధాల భాగాలు చేస్తున్నాయని ఏడు కంపెనీలని బయటికి పంపారు. బోయింగ్, హనీవెల్, సాఫ్రాన్, బీఏఈ సిస్టమ్స్ అందులో ఉన్నాయి. ఆ జాబితా మొదటిసారి చదివినప్పుడు మన ఊరి బోర్డులు చదువుతున్నట్టే అనిపించింది నాకు. ఆదిభట్లలో టాటాలతో కలిసి బోయింగ్ హెలికాప్టర్ బాడీలు చేస్తోంది. శంషాబాద్‌లో సాఫ్రాన్ విమాన ఇంజిన్ల పని చేస్తోంది. హనీవెల్ ఆఫీసులో మనవాళ్ళ పిల్లలు వేలమంది సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. ఇక్కడ జరిగే ఆ పనులకీ అణుబాంబుకీ సంబంధం లేదు, ఆ ఉద్యోగాలు చేసేవాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశమూ కాదు. కంపెనీ ఒకటే, ఖాతా ఒకటే, అంతవరకే నేను చెప్పేది.

క్లస్టర్ బాంబుల విషయంలో ఈ పద్ధతి ఇంకా గట్టిగా పనిచేసింది. వాటిలో పెట్టుబడి పెట్టడాన్నే నేరం చేస్తూ బెల్జియం 2007లో చట్టం తెచ్చింది. మరుసటేడు అంతర్జాతీయ నిషేధ ఒప్పందం కుదిరింది. అమెరికా ఆ ఒప్పందంలో చేరలేదు. అయినా అక్కడి టెక్స్‌ట్రాన్ కంపెనీ 2016లో వాటి తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. దేశం సంతకం పెట్టకపోయినా కంపెనీ దిగొస్తుందని అక్కడ తేలింది.

ఆ పాఠం పట్టుకునే ఐకాన్ అనే అణ్వాయుధ వ్యతిరేక సంస్థల కూటమి 2012లో బ్యాంకుల లెక్కలు తవ్వడం మొదలుపెట్టింది. "బాంబుకి బ్యాంకు కావద్దు" అనే అర్థమొచ్చే పేరుతో, నెదర్లాండ్స్‌కి చెందిన పాక్స్ సంస్థ చేతుల మీదుగా ఆ నివేదికలు వస్తున్నాయి. ఏ కంపెనీ బాంబులో ఏ భాగం చేస్తోంది, దానికి ఏ బ్యాంకు అప్పిచ్చింది, ఏ ఫండ్ బాండ్లు కొన్నది, అన్నీ పేర్లతో సహా ఉంటాయి. 2017 జులై 7న 122 దేశాల ఓట్లతో ఐక్యరాజ్యసమితిలో అణ్వాయుధ నిషేధ ఒప్పందం వచ్చింది, ఆ ఏడాది ఐకాన్‌కి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. నిషేధించిన పనులకి ఎవరికీ "ఏ విధంగానూ సాయపడకూడదు" అని ఒప్పందం మొదటి అధికరణలోనే ఉంది. ఫైనాన్స్ అన్న మాట అందులో లేదు. అప్పివ్వడం సాయం కాకపోతే మరేమిటని ఉద్యమం వాదిస్తుంది, నాకూ అది న్యాయంగానే తోస్తుంది. 2018లో నెదర్లాండ్స్ ప్రభుత్వోద్యోగుల పెన్షన్ ఫండ్ ఏబీపీ అణ్వాయుధాల కంపెనీల్లోంచి తప్పుకుంటానంది. అదే ఏడాది జపాన్‌లో రెసోనా బ్యాంకు కూడా అణ్వాయుధ తయారీదార్లకి అప్పులివ్వనంది. 2021 డిసెంబర్‌లో న్యూయార్క్ నగర కౌన్సిల్ తన ఉద్యోగుల పెన్షన్ సొమ్ము వెనక్కి తీయమని తీర్మానం చేసింది.

ఇక మన దగ్గరికి వస్తే కథ వేరు. ఇండియా ఆ ఒప్పందం చర్చలకే వెళ్ళలేదు. ఇక్కడ బాంబు ఖర్చు బడ్జెట్లో ఉండేది, కంపెనీలూ ఎక్కువగా ప్రభుత్వానివే. జనం వెనక్కి తీసుకోవడానికి అసలు పెట్టిందేముంది? అందుకే 1998 మేలో పోఖ్రాన్ పేలుళ్ళ తర్వాత పుట్టిన నిరసనలు ఊరేగింపులుగానే సాగాయి. నౌకాదళం అధిపతిగా చేసి రిటైరయ్యాక అణ్వాయుధాలు వద్దని దేశమంతా తిరిగిన అడ్మిరల్ రాందాస్ 2024 మార్చిలో మన హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. తెలుగునేల మీద జనం గట్టిగా కదిలింది యురేనియం తవ్వకాల మీద. నల్లమల కోసం లేచిన గొంతులకి 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ శాసనసభ కూడా తీర్మానంతో తలూపింది. డబ్బు దారి మాత్రం ఎవరూ వెతకలేదు.

ఆ దారి 2018 మార్చిలో తెరుచుకుంది. కంచన్‌బాగ్‌లోని భారత్ డైనమిక్స్ షేర్లని కేంద్రం మొదటిసారి మార్కెట్లో అమ్మింది. పెద్దాయన చెప్పిన అర్థంలో అది అచ్చంగా పెట్టుబడుల ఉపసంహరణే. అణుబాంబుని మోయగల అగ్ని-5, పృథ్వి-2 క్షిపణుల తయారీలో ఉందని పాక్స్ నివేదికల్లోకి ఎక్కిన కంపెనీ అది. ఇప్పుడు దాని వాటాల్లో దాదాపు నాలుగో వంతు ప్రభుత్వం చేతిలో లేదు. ప్రభుత్వం ఒక అడుగు బయటికి వేస్తే, ఆ ఖాళీలోకి మ్యూచువల్ ఫండ్లూ బీమా సంస్థలూ మనలాంటి వాళ్ళూ వచ్చి చేరాం. సంతోష్‌నగర్ నుంచి కంచన్‌బాగ్ వైపు వెళ్ళే రోడ్డులో పొద్దున ఎనిమిదింటికి స్టాఫ్ బస్సులు వరసగా గేట్లలోకి తిరుగుతుంటాయి. ఆ పొడవాటి గోడకి ఇవతల టిఫిన్ బండి దగ్గర నిలబడి, ఫోన్‌లో ఆ షేరు ధర చూసుకుంటున్న కుర్రాణ్ణి నేనే చూశాను.

షేర్లు కొనని వాళ్ళ సంగతీ అంతే. నా పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా అని మూడు గడులుంటాయి. ఆ సొమ్ము తర్వాత ఎక్కడికెళ్తుందో చెప్పే గడి లేదు. 2015 ఆగస్టు నుంచి పీఎఫ్ చూసే సంస్థ ఈపీఎఫ్ఓ కొత్తగా వచ్చే సొమ్ములో కొంత భాగాన్ని నిఫ్టీ, సెన్సెక్స్ ఈటీఎఫ్‌లలో, అంటే ఆ సూచీల్లోని కంపెనీల షేర్లన్నీ కలిపి కొనే ఫండ్లలో, పెడుతోంది. మొదట 5 శాతం, 2017 నుంచి 15 శాతం. ఆ రెండు సూచీల్లోనూ ఎల్ అండ్ టీ ఉంది. మన మెట్రో కట్టింది ఆ కంపెనీయే, 2009 జులై 26న విశాఖలో నీళ్ళలోకి దిగిన అణు జలాంతర్గామి అరిహంత్ బాడీ తయారుచేసిందీ ఆ కంపెనీయే. నా వెయ్యి రూపాయల్లో దాని వంతు ఆరేడు రూపాయలకి మించదు, అందులో జలాంతర్గామి పాలు పైసల్లో ఉంటుంది. పైసలే అయినా నన్నెవరూ అడగలేదు. నాకు కష్టంగా ఉన్నది అదే.

సభ అయ్యాక టీ తాగుతూ పెద్దాయన అసలు ప్రశ్న అడిగారు. "మేం అమ్మేస్తే ఇంకొకడు కొంటాడు కదమ్మా, కంపెనీకి పోయేదేముంది?" ఈ ఉద్యమానికి యాభై ఏళ్ళుగా ఎదురవుతున్న ప్రశ్న ఇదే. షేరు చేతులు మారితే కంపెనీ గల్లాపెట్టెలో రూపాయి తగ్గదన్నది నిజం. తగ్గేది కొత్త అప్పు దగ్గర. బాండ్లు కొనేవాళ్ళు, అప్పిచ్చే బ్యాంకులు ఒక్కొక్కరే మొహం చాటేస్తుంటే వడ్డీ పెరుగుతుంది, బోర్డు మీటింగులో ప్రశ్న వస్తుంది. 2024 నివేదికలో 24 అణ్వాయుధ కంపెనీలకి సొమ్ము సమకూరుస్తున్న సంస్థలు 287 ఉంటే, మరుసటేడు 260కి దిగాయి. అలాగని గాలి ఒకవైపే వీయడం లేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొన్ని వారాలకే స్వీడన్‌కి చెందిన ఎస్‌ఈబీ ఫండ్లు రక్షణ కంపెనీలకి మళ్ళీ తలుపు తీశాయి. ఐకాన్ లెక్క ప్రకారం 2024లో తొమ్మిది అణు దేశాలు కలిసి ఈ ఆయుధాల మీద పెట్టిన ఖర్చు 10 వేల కోట్ల డాలర్లు దాటింది.

అమ్మాయి ఇదంతా చెబుతుంటే పెద్దాయన కప్పు పక్కన పెట్టి విన్నారు. వాళ్ళకి రిటైరైన ఉద్యోగుల పరపతి సంఘం ఒకటుందట, ఆయన అందులో కోశాధికారి. "మా సంఘం డబ్బు రెండు బ్యాంకుల్లో ఎఫ్‌డీలు ఉంది. ఎంత వడ్డీ ఇస్తారని అడిగానే గానీ, ఎవరికి అప్పిస్తారని ఎప్పుడూ అడగలేదమ్మా" అన్నారు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, సభ కరపత్రం వెనక్కి తిప్పి ఆమె చేతికిచ్చారు. బ్యాంకు మేనేజర్‌కి ఉత్తరం ఎలా రాయాలో తెలుగులో రాసిమ్మన్నారు.