పిల్లల ఎమర్జెన్సీ డాక్టర్ కావడానికి ఆరేళ్లెందుకు?

మన దగ్గర ఎంబీబీఎస్ చేసి అమెరికా వెళ్లినవాళ్లు పిల్లల ఎమర్జెన్సీ స్పెషలిస్టు కావాలంటే పీడియాట్రిక్స్ (పిల్లల వైద్యం) రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే స్పెషలిస్టు శిక్షణ, మూడేళ్లు, ఆపైన ఫెలోషిప్, అంటే ఒక ఉప విభాగంలో అదనపు శిక్షణ, మరో మూడేళ్లు చేయాలి. ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీ చేసి వచ్చినవాళ్లకు మాత్రం ఆ ఫెలోషిప్ రెండేళ్లలో పూర్తవుతుంది. చేసే డ్యూటీ ఒకటే, రాసే బోర్డు (స్పెషలిస్టులకు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) పరీక్షా ఒకటే.

ఈ తేడాకు మూలం ఆ స్పెషాలిటీ పుట్టుకలోనే ఉంది. ఒకప్పుడు అక్కడి పిల్లల ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీ భారం చాలావరకు రెసిడెంట్ల మీదే ఉండేది. 1979లో ఎమర్జెన్సీ మెడిసిన్‌కు స్పెషాలిటీ గుర్తింపు వచ్చినా, దాని దృష్టి ఎక్కువగా గుండెపోట్లు, యాక్సిడెంట్లతో వచ్చే పెద్దవాళ్ల మీదే. పిల్లల డాక్టర్లకేమో పిల్లల సంగతి తెలుసు కానీ, నిమిషాల్లో ప్రాణం నిలబెట్టే పని అంతగా అలవాటు లేదు. 1984లో పిల్లల డాక్టర్ జేమ్స్ సైడెల్ లాస్ ఏంజెలెస్ కౌంటీ పరిస్థితిని పరిశీలించి, ఎమర్జెన్సీ వ్యవస్థ పిల్లల అవసరాలకు సరిపోవడం లేదని చూపించారు. పిల్లల ఎమర్జెన్సీ సేవల కోసం ఫెడరల్ కార్యక్రమం వచ్చిందీ ఆ ఏడాదే.

అసలు చిక్కు ఎక్కడో చెప్పాలి. గుండె ఆగిన పది కిలోల పాపకు ఇవ్వాల్సిన అడ్రినలిన్ 0.1 మిల్లీగ్రాము. పెద్దవాళ్లకు ఇచ్చేది ఒక మిల్లీగ్రాము. ఆ టెన్షన్‌లో పాపను తూకం వేసే తీరిక ఉండదు. డోసు లెక్క తప్పితే పదింతలు పోతుంది. నార్త్ కరోలినా డాక్టర్ జేమ్స్ బ్రోస్లో 1980లలో రంగురంగుల టేపు తయారుచేసింది ఇందుకే. పాపను పడుకోబెట్టి తల నుంచి మడమ దాకా టేపు పరిస్తే, మడమ ఆనిన రంగు గడిలోనే మందుల డోసులు, గొట్టాల సైజులు ఉంటాయి.

ఫెలోషిప్‌లు 1980ల ఆరంభంలో మొదలయ్యాయి. పీడియాట్రిక్స్ బోర్డు, ఎమర్జెన్సీ మెడిసిన్ బోర్డు కలిసి 1992లో తొలి సర్టిఫికేషన్ పరీక్ష పెట్టాయి. పీడియాట్రిక్స్ వైపు సబ్‌స్పెషాలిటీలకు (ఉప విభాగాలకు) మూడేళ్లు, అందులో పరిశోధన తప్పనిసరి. ఆ నియమం దీనికీ వర్తించింది. ఆ పరిశోధన వృథా పోలేదు. తలకు దెబ్బ తగిలిన పిల్లల్లో ఎవరికి సీటీ స్కాన్ అక్కర్లేదో 2009లో 42 వేల పైచిలుకు పిల్లల వివరాలతో తేల్చింది ఈ రంగంవాళ్లే. అయినా జీవితమంతా రోగుల దగ్గరే పనిచేయాలనుకునే డాక్టరుకు, అప్పుల భారంతో, ఆ మూడో ఏడు అవసరమా? అక్కర్లేదనే నా అభిప్రాయం. పిల్లల సబ్‌స్పెషాలిటీల్లో వైద్యం మీదే దృష్టిపెట్టే రెండేళ్ల మార్గం కూడా ఉండాలని 2023లో అక్కడి శాస్త్ర, వైద్య విషయాల్లో సలహాలిచ్చే నేషనల్ అకాడెమీస్ నివేదికే సూచించింది.

శిక్షణ కాలం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది, ఆ తర్వాత ఉద్యోగాలు ఎక్కడున్నాయన్నది. స్పెషలిస్టులు నగరాల్లోని పెద్ద పిల్లల ఆసుపత్రుల్లో చేరిపోతారు. జబ్బు చేసిన పిల్లల్లో ఎక్కువమంది వెళ్లేది మాత్రం దగ్గర్లో ఉన్న మామూలు ఆసుపత్రికే. ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో 27 శాతం పిల్లలే అయినా, వాళ్లకు కావాల్సిన సామగ్రి పూర్తిగా ఉన్న విభాగాలు ఆరు శాతమేనని 2006 నివేదికలో అక్కడి వైద్య సలహా సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ చెప్పింది.

మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌కు మెడికల్ కౌన్సిల్ గుర్తింపు వచ్చింది 2009లో. అంతకు నాలుగేళ్ల ముందే, 2005 ఆగస్టు 15న, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. అంటే ఇక్కడ బండి ముందొచ్చింది, డాక్టరు తర్వాత. కొన్ని సంస్థలు పిల్లల ఎమర్జెన్సీలో ఫెలోషిప్‌లు నడుపుతున్నాయి, మంచిదే. కానీ ఫిట్స్‌తో వచ్చిన బిడ్డను 108 దింపేది చాలాసార్లు ఏరియా ఆసుపత్రి క్యాజువాలిటీలో. అక్కడ ఉండేది జనరల్ డ్యూటీ డాక్టరు. ప్రతి ఎమర్జెన్సీ విభాగంలో పిల్లల కోసం ఇద్దరు కోఆర్డినేటర్లను పెట్టాలని, వాళ్లలో ఒకరు డాక్టరై ఉండాలని ఆ 2006 నివేదికే అడిగింది. ఫెలోషిప్ సీట్లు పెంచేటప్పుడు మన జిల్లా, ఏరియా ఆసుపత్రుల్లోనూ ముందు అలాంటి పోస్టులు పెట్టాలి.