ఫుటీ పాత రికార్డులు: అపోహలు - వాస్తవాలు

మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ (ఫుటీ) చూసేవాళ్ళు చాలామందే ఉన్నారు. క్రికెట్ అంకెలతో పెరిగినవాళ్ళం కాబట్టి ఈ ఆట రికార్డులూ అలాగే ఉంటాయనుకుంటాం. ఆ లెక్కతో పాత పట్టికలు చదివితే తప్పుడు నిర్ణయాలకు వస్తాం. ఏ అంకె చూసినా ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఏ లీగ్‌ది? ఏ మ్యాచ్‌లు లెక్కలోకి వచ్చాయి? ఈ లెక్క రాయడం ఏ ఏడాది మొదలైంది?

అపోహ: ఏఎఫ్ఎల్ (ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్) 1990లో పుట్టింది, కాబట్టి రికార్డులూ అప్పటి నుంచే.

వాస్తవం: 1990లో మారింది పేరు మాత్రమే. విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్, అంటే వీఎఫ్ఎల్, ఎనిమిది క్లబ్బులతో 1897లో తొలి సీజన్ ఆడింది. ఆ వరస తెగకుండా నేటి ఏఎఫ్ఎల్ దాకా వచ్చింది. సౌత్ మెల్‌బోర్న్ 1982లో సిడ్నీకి తరలిపోయినా 1909, 1918, 1933లో గెలిచిన ప్రీమియర్‌షిప్‌లు (సీజన్ విజేత టైటిళ్ళు) ఆ క్లబ్ నేటి రూపమైన సిడ్నీ స్వాన్స్ ఖాతాలోనే ఉన్నాయి.

అపోహ: టోనీ లాకెట్‌వి 1360 గోల్స్. ఆస్ట్రేలియాలో అంతకుమించి కొట్టినవాళ్ళు లేరు.

వాస్తవం: వీఎఫ్ఎల్/ఏఎఫ్ఎల్ వరకు అది నిజం. గోర్డన్ కొవెంట్రీ 1937లో 1299 దగ్గర ఆపిన రికార్డును లాకెట్ 1999లో దాటాడు. కానీ దక్షిణ ఆస్ట్రేలియా లీగ్‌లో నార్త్ అడిలైడ్ తరఫున కెన్ ఫార్మర్ 224 మ్యాచ్‌ల్లోనే 1417 గోల్స్ కొట్టాడు. 1930 నుంచి 1940 దాకా వరసగా పదకొండు సీజన్లు వంద దాటాడు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. 1980ల దాకా వీఎఫ్ఎల్ అంటే ఒక్క విక్టోరియా రాష్ట్రపు లీగ్. దక్షిణ, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో వాటి సొంత లీగ్‌లు ఉండేవి. మంచి ఆటగాళ్ళు చాలామంది ఊరు వదలకుండా అక్కడే ఆడి రిటైరయ్యేవాళ్ళు. పశ్చిమ ఆస్ట్రేలియా నుంచి వెస్ట్ కోస్ట్, క్వీన్స్‌లాండ్ నుంచి బ్రిస్బేన్ చేరింది 1987లో. అడిలైడ్ 1991లో వచ్చింది, పోర్ట్ అడిలైడ్ 1997లో. ఏఎఫ్ఎల్ పట్టికలో పోర్ట్ అడిలైడ్ పేరు పక్కన ఒక్క ప్రీమియర్‌షిప్, 2004ది, కనిపిస్తుంది. సొంత రాష్ట్ర లీగ్‌లో ఆ క్లబ్ గెలిచినవి 36. ఆ ఒక్క అంకె చూసి దాన్ని చిన్న క్లబ్ అనడం అన్యాయం. 1897కు ముందు నాటి వీఎఫ్ఏ (విక్టోరియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్) టైటిళ్ళకూ ఇదే గతి పట్టింది. ఎసెండన్ 1891 నుంచి 1894 దాకా వరసగా నాలుగు గెలిచింది. నేటి పదహారు ప్రీమియర్‌షిప్‌ల లెక్కలో వాటికి చోటు లేదు.

‘ఆస్ట్రేలియా రికార్డు’ అని రాసినచోట లీగ్ పేరు లేకపోతే దాన్ని నమ్మవద్దనే మా సలహా.

అపోహ: 12.10 అంటే పన్నెండు పాయింట్ పది, దశాంశం లాంటిదే.

వాస్తవం: చుక్కకు ముందున్నవి గోల్స్ (మధ్య స్తంభాల నడుమ తన్నినవి), తర్వాతవి బిహైండ్స్ (మధ్య స్తంభానికీ పక్క స్తంభానికీ నడుమ వెళ్ళినవి). గోల్‌కు 6, బిహైండ్‌కు 1. అంటే 12.10 విలువ 82. కంప్యూటర్ షీట్‌లో దీన్ని అంకెగా టైప్ చేస్తే చివరి సున్నా మాయమై 12.1 అవుతుంది, అంటే 73. తొమ్మిది పాయింట్లు ఎటు పోయాయో పట్టుకోవడం తర్వాత చాలా కష్టం. గోల్స్‌కు ఒక కాలమ్, బిహైండ్స్‌కు ఇంకొకటి పెట్టండి. మొత్తాన్ని చేత్తో టైప్ చేయకుండా ఫార్ములాతో రాబట్టి, పత్రికలో అచ్చయిన మొత్తంతో పోల్చండి. రెండూ కలవని చోట మూడొంతులు అచ్చుతప్పో టైపింగ్ తప్పో దొరుకుతుంది.

ఇంకో చిక్కుంది. వీఎఫ్ఎల్ 1897లో బిహైండ్‌కు ఒక పాయింటు ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు బిహైండ్స్ రాసుకునేవాళ్ళు కానీ గెలుపోటములు తేల్చేవి గోల్స్ మాత్రమే. 1880ల మ్యాచ్‌కు ఆరూ ఒకటీ లెక్క వేస్తే ఓడిన జట్టు గెలిచినట్టు రావచ్చు.

అపోహ: పాతకాలం ఆటగాళ్ళు ట్యాకిల్ చేసేవాళ్ళు కాదు, బంతీ తక్కువే అందుకునేవాళ్ళు.

వాస్తవం: పట్టికలో ఖాళీ గడిని సున్నాగా చదవడం వల్ల వచ్చే తప్పు ఇది. కిక్స్, మార్క్స్ (తన్నిన బంతిని నేల తాకకముందే పట్టడం), హ్యాండ్‌బాల్స్ (పిడికిలితో కొట్టి బంతి అందించడం) ఆటగాడివారీగా వరసగా దొరికేది 1965 నుంచి. ట్యాకిల్స్ (బంతి ఉన్న ప్రత్యర్థిని పట్టి ఆపడం) 1987 నుంచి. క్లియరెన్స్‌లు (ఆట మళ్ళీ మొదలైనచోటు నుంచి బంతిని బయటకు పంపడం), కంటెస్టెడ్ పొజెషన్ల (ప్రత్యర్థితో పోటీపడి బంతి దక్కించుకోవడం) వంటివి 1990ల చివర్లో వచ్చాయి. హాథార్న్ దిగ్గజం లీ మాథ్యూస్ 332 మ్యాచ్‌లాడి 1985లో రిటైరయ్యాడు. ఎదుటివాళ్ళను కుదిపేసిన ఆ మనిషి ఖాతాలో ఒక్క ట్యాకిల్ కూడా నమోదై ఉండదు. సగటు తీసేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. టెడ్ విటెన్ 1951 నుంచి 1970 దాకా 321 మ్యాచ్‌లాడాడు. ఆయన కిక్స్‌ను 321తో భాగించకూడదు, లెక్క ఉన్న మ్యాచ్‌ల సంఖ్యతోనే భాగించాలి. షీట్‌లో తెలియని గడిని ఖాళీగా వదిలేయండి, సున్నా వేయకండి.

గోల్ కొట్టే కచ్చితత్వం సంగతీ ఇంతే. కొవెంట్రీ గోల్స్ తెలుసు, బిహైండ్స్ పూర్తిగా తెలియవు. కాబట్టి ఆయనకు శాతం కట్టలేం. కొత్త ఆటగాళ్ళకు కూడా గోల్స్, బిహైండ్స్ తీసుకుని కట్టిన శాతం కాస్త మెరుగ్గానే కనిపిస్తుంది, ఎందుకంటే గీత దాటి నేరుగా బయటపడ్డ కిక్కులూ, దూరం చాలక కిందపడ్డవీ అందులోకి రావు.

అపోహ: సీజన్ ఉత్తమ ఆటగాడికి అంపైర్ల ఓట్లతో ఇచ్చే బ్రౌన్‌లో మెడల్ ఓట్లలో గ్రాహమ్ టీస్‌డేల్ 59 ఓట్లే శిఖరం, ఇప్పటివాళ్ళు ఆ దరిదాపులకు రాలేరు.

వాస్తవం: 1976, 1977 సీజన్లలో ఇద్దరు ఫీల్డ్ అంపైర్లు ఎవరికి వారు మ్యాచ్‌లో మెరుగైన ముగ్గురికి 3-2-1 ఓట్లు వేశారు. ఒక మ్యాచ్‌లో ఒకే ఆటగాడికి 6 ఓట్లు దాకా దక్కేవి. 1976లో గ్రాహమ్ మాస్ 48, 1977లో టీస్‌డేల్ 59 అలా వచ్చినవే. సగం చేస్తే 24, 29.5. 2024లో ప్యాట్రిక్ క్రిప్స్ 45 ఓట్లు సాధించాడు, అదీ మ్యాచ్‌కు మూడుకు మించని పద్ధతిలో. మా లెక్కలో అదే పెద్ద ఘనత. మొదట్లో మ్యాచ్‌కు ఒక్క ఓటే ఉండేది. 1924లో కార్జీ గ్రీవ్స్ తొలి మెడల్ గెలిచింది 7 ఓట్లతో. 3-2-1 వచ్చింది 1931లో.

విజేతల జాబితా కూడా కదలకుండా ఉండదు. 1930లో ముగ్గురికి ఓట్లు సమానమైతే మెడల్ స్టాన్ జడ్‌కిన్స్ ఒక్కడికే ఇచ్చారు. హ్యారీ కొలియర్, అలన్ హాప్‌కిన్స్‌లకు అది 1989లో అందింది. 2012 మెడల్‌ను జోబ్ వాట్సన్ 2016లో కోల్పోతే, ట్రెంట్ కాచిన్, సామ్ మిచెల్‌లకు వెళ్ళింది. 1985లో అచ్చయిన పుస్తకం, నేటి పట్టిక ఈ విషయంలో కలవవు. రెంటిలో ఏదీ అచ్చుతప్పు కాదు.

అపోహ: ఒక సీజన్‌లో 150 గోల్స్ కొట్టిన ఇద్దరూ సమానమే.

వాస్తవం: బాబ్ ప్రాట్ 1934లో 21 మ్యాచ్‌ల్లో, పీటర్ హడ్సన్ 1971లో 24 మ్యాచ్‌ల్లో ఆ అంకె చేరారు. మ్యాచ్‌కు 7.14, 6.25. రెండింటిలోనూ ఫైనల్స్ గోల్స్ ఉన్నాయి. ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళకిచ్చే కోల్‌మన్ మెడల్‌కు మాత్రం హోమ్ అండ్ అవే (ఫైనల్స్‌కు ముందు జరిగే) మ్యాచ్‌లే లెక్క. 2008లో లాన్స్ ఫ్రాంక్లిన్ 102 అని ఒకచోట, 113 అని ఇంకోచోట కనబడితే కంగారు పడక్కర్లేదు, రెండోది ఫైనల్స్ కలిపింది. 2020 సీజన్‌ను పక్క సీజన్లతో నేరుగా పోల్చకండి: క్వార్టర్ 20 నిమిషాలకు బదులు 16 నిమిషాలు, జట్టుకు 17 మ్యాచ్‌లే.

అపోహ: మైదానంలో తేలిన ఫలితమే చివరిది.

వాస్తవం: 2006లో లాన్సెస్టన్‌లో సెయింట్ కిల్డా, ఫ్రీమాంటిల్ మ్యాచ్ ముగిసిందని మోగిన సైరన్ అంపైర్లకు వినబడక ఆట సాగింది. ఆ తర్వాత వచ్చిన బిహైండ్‌తో సెయింట్ కిల్డా 94-94 దగ్గర సమం చేసింది. లీగ్ ఆ బిహైండ్ కొట్టేసి ఫ్రీమాంటిల్‌కు ఒక పాయింటు గెలుపు ఇచ్చింది. 1900లో ఇదే సెయింట్ కిల్డాకు, వరసగా 48 ఓటముల తర్వాత, తొలి విజయం దక్కిందీ డ్రాను ఫిర్యాదుపై మార్చినందుకే.

అపోహ: ప్రతి ప్రీమియర్‌షిప్ గ్రాండ్ ఫైనల్‌లోనే తేలింది.

వాస్తవం: 1897, 1924లలో గ్రాండ్ ఫైనలే లేదు, రెండుసార్లూ గెలిచింది ఎసెండన్. 1916లో యుద్ధం వల్ల నాలుగు జట్లే ఆడాయి. ఫిట్జ్‌రాయ్ పాయింట్ల పట్టికలో అట్టడుగున నిలిచి, ఫైనల్స్ గెలిచి ప్రీమియర్ అయింది.

పాత మ్యాచ్‌ను మీరే సరిచూడాలంటే ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం వారి ట్రోవ్‌లో పాత పత్రికలు ఉచితంగా చదవొచ్చు. ఒకే మ్యాచ్‌కు రెండు వేర్వేరు పత్రికల కథనాలు తీయండి. క్వార్టర్‌వారీ స్కోర్లు తగ్గకుండా పెరుగుతున్నాయా చూడండి. గోల్ కొట్టినవాళ్ళ అంకెలు కూడితే జట్టు గోల్స్‌కు సరిపోవాలి. బిహైండ్స్ మాత్రం సరిపోకపోవచ్చు, రష్డ్ బిహైండ్స్ (కాపాడే జట్టే బంతిని గీత దాటించినవి) ఎవరి ఖాతాలోకీ వెళ్ళవు. పేర్ల దగ్గర మరీ జాగ్రత్త: పత్రికలు ఇంటిపేరే వేసేవి. 1920ల కాలింగ్‌వుడ్ జట్టులో గోర్డన్, సిడ్ కొవెంట్రీ అన్నదమ్ములిద్దరూ ఉండేవాళ్ళు. ‘కొవెంట్రీ 1’ అని ఉంటే ఏ కొవెంట్రీయో ఆట వర్ణన చదివితేగాని తేలదు.

సరిచూశాక రికార్డును ఇలా రాసిపెట్టుకోండి: టోనీ లాకెట్, 1360 గోల్స్, 281 మ్యాచ్‌లు, వీఎఫ్ఎల్/ఏఎఫ్ఎల్, 1983-1999, 2002, ఫైనల్స్ కలిపి, రాష్ట్ర జట్ల మ్యాచ్‌లూ ప్రీసీజన్ పోటీలూ మినహా.