ఉప్పు తగలని ఇనుము

డెట్రాయిట్ దగ్గరుండే మా మేనకోడలు నది ఒడ్డున నిలబడి ఒక ఓడ ఫోటో తీసి పంపింది. "మామయ్యా, దీన్ని 1942లో కట్టారట. నీకంటే పెద్దది! ఇంకా సిమెంటు మోస్తోంది. ఇన్నేళ్లు నీళ్లలో ఉండి తుప్పు పట్టదా?"

దాని పేరు ఆల్పీనా. అమెరికా మహా సరస్సుల్లో తిరిగే ఆవిరి ఓడ. సముద్రం మీద తిరిగేవైతే పాతిక, ముప్పై ఏళ్లకే తుక్కుకి పోతాయి. మరి ఇదెలా బతికింది?

బడిలో మూడు పరీక్షనాళికల్లో మూడు మేకులు వేసి, గాలీ తడీ రెండూ ఉంటేనే తుప్పు అని తేల్చేస్తారు. నాలుగో నాళికలో ఉప్పునీళ్లు పోయమన్న మాస్టారు నాకైతే తగల్లేదు. అసలు మజా అంతా అందులోనే ఉంది.

తుప్పంటే ఒక బ్యాటరీ. ఓడ రేకు మీద ఒకచోట ఇనుప పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి, అయానుగా, అంటే విద్యుదావేశమున్న కణంగా మారి నీళ్లలోకి జారుకుంటుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకులోంచే నడిచి ఇంకోచోటికి చేరతాయి. అక్కడ నీళ్లలో కరిగున్న ఆక్సిజన్ వాటిని అందుకుని హైడ్రాక్సైడ్ అయాన్లవుతుంది. అంటే ఎలక్ట్రాన్లు వదిలే చోటు (ఆనోడ్), అందుకునే చోటు (కాథోడ్) రెండూ ఒకే రేకు మీద! కానీ సర్క్యూట్ పూర్తవ్వాలంటే నీళ్లలోంచి కూడా కరెంటు పారాలి, అయాన్ల రూపంలో. లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీళ్లు అందుకు మంచి వైరు. ఈ సరస్సులవి ఉప్పు దాదాపు లేని మంచినీళ్లు, పరమ నాసిరకం వైరు, సముద్రం వాటికన్నా కొన్ని వందల రెట్లు బాగా కరెంటుని పోనిస్తుంది. పైగా ఉప్పులోని క్లోరైడ్ ఇనుము మీది సన్నని రక్షణ పొరని పొడిచి గుంటలు చేస్తుంది. విశాఖ బీచ్ రోడ్డులో మా పెద్దమ్మ వాళ్ల కిటికీ గ్రిల్ రెండేళ్లకే అప్పడాల్లా పొరలు ఊడేది. హైదరాబాద్‌లో మా నాన్న బిగించిన గ్రిల్‌కి నా చిన్నప్పటి పచ్చరంగు ఇంకా అక్కడక్కడా ఉంది.

ఒళ్లు గట్టిగా ఉంటే ఓడని చొక్కాలా కత్తిరించి కుట్టుకోవచ్చు. ఆల్పీనా మొదట 639 అడుగుల ఇనుప ఖనిజం ఓడ, పేరు లియాన్ ఫ్రేజర్. 1991 నాటికి నడుం దగ్గర 120 అడుగుల ముక్క కోసి తీసేసి, ముందునీ వెనకనీ కలిపి వెల్డింగ్ చేసి సిమెంటు ఓడ చేశారు. 1952 నాటి ఆర్థర్ ఎం. ఆండర్సన్‌కి 1975లో జరిగింది దీనికి తిరగేసిన పని: అదే 120 అడుగులు మధ్యలో అతికారు!

మనవాళ్లు అదృష్టం కోసం పేరు మార్చుకుంటారు. ఓడ పేరు మారిస్తే అరిష్టమని నావికుల నమ్మకం. పేరు మారాక కూడా ఆల్పీనా 30 ఏళ్లకు పైగా పనిచేసింది.

ఈ ఓడలకి చలికాలం సెలవు కూడా ఉంది. ఈ సరస్సుల మధ్య ఓడల దారిలో ఉన్న సూ లాక్స్ అనే నీటి గేట్లు జనవరి 15 నుంచి మార్చి 25 దాకా మూసేస్తారు, మరమ్మతులన్నీ అప్పుడే.

సెయింట్ మేరీస్ ఛాలెంజర్ అయితే 1906 నాటిది. 2013 చివర్లో దాని ఆవిరి ఇంజిను పీకేసి, టగ్ అనే చిన్న పడవ నెట్టే బార్జిగా, అంటే సొంత ఇంజిను లేని ఓడగా మార్చారు. పాతబడి పోయింది ఇంజినే. అడుగున ఉన్న ఒళ్లు మాత్రం ఆ 1906 నాటిదే, సిమెంటు మోస్తూనే ఉంది.